ఓటు మాది – సీటు ఎవరిది?

మా హనుమాన్ జంక్షన్లో నాలుగు రోడ్లు కలుస్తాయి. ఒకటి విజయవాడకి, ఒకటి ఏలూరుకి, ఒకటి నూజివీడుకి, మరొకటి గుడివాడకి. మధ్యలో ఆంజనేయస్వామి గుడి. ఎన్నికలు వచ్చాయంటే నాలుగు రోడ్ల మీదా జెండాలు కట్టిన కార్లు, మైకులు పెట్టిన ఆటోలు తిరుగుతాయి. ఆ మైకుల్లో మొదటి మాట ఎప్పుడూ మాకే: “అక్కలారా, చెల్లెళ్ళారా, అమ్మలారా!”

2024 ఎన్నికల ముందు ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన టీ కొట్టు దగ్గర నలుగురు మగవాళ్ళు గన్నవరం సీటు సంగతి మాట్లాడుకుంటున్నారు. మా బాపులపాడు మండలం గన్నవరం అసెంబ్లీ నియోజకవర్గంలోది. ఏ ఏడు ఎవరు గెలిచారు, ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారు, ఎవరు ఇండిపెండెంటుగా నిలబడి పార్టీలకు బుద్ధి చెప్పారు – ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతున్నారు. వాళ్ళలో ఒకతను నా దగ్గర మూడో తరగతి చదివినవాడే. ఉండబట్టలేక అడిగాను: “అన్నీ బాగానే చెప్పారు గానీ, 1972లో ఎవరు గెలిచారు బాబూ?”

“ఏమో టీచరుగారూ, గుర్తులేదు.”

“టి.ఎస్. ఆనందబాయి” అన్నాను.

“ఆవిడెవరు?”

“మన ఎమ్మెల్యే” అన్నాను. నలుగురూ నవ్వారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు.

ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. వాళ్ళ మీద కోపంతో కాదు. వాళ్ళ చరిత్రలో మా పేరు లేదు. మా పేరు ఉందని చెబితే అది హాస్యంగా తోస్తోంది. ఇది ఒక్క టీ కొట్టు జబ్బు కాదు. అందుకే గన్నవరం ఎన్నికల చరిత్రని ఒక ఆడ ఓటరుగా నేను మళ్ళీ చదవదలచుకున్నాను.

జాబితా ఏం చెబుతోంది?

గన్నవరం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పుచ్చలపల్లి సుందరయ్యగారు. గుర్తు రావలసిందే. 1955లో ఆంధ్ర రాష్ట్రంలో జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ ఘోరంగా ఓడిపోయి 15 సీట్లకు పరిమితమైనప్పుడు, ఆ 15లో ఒకటి గన్నవరం. 1962లో మళ్ళీ ఆయనే. పార్టీ చీలిన తరువాత 1978లో సి.పి.ఎం. తరఫున మూడోసారీ ఆయనే. సైకిలు మీద తిరిగిన నాయకుడు. తమకు పిల్లలు పుడితే ఆస్తి, వారసత్వం అనే బంధనాలు వస్తాయని ఆయనా, లీలగారూ పిల్లల్ని వద్దనుకున్నారు. ఆ ఆపరేషను ఆయనే చేయించుకున్నారు. మన రాజకీయ నాయకుల్లో అలాంటి పని చేసిన మగవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి.

నా మొదటి ఓటు 1978లోనే. అప్పటికి ఓటు హక్కు రావాలంటే 21 ఏళ్ళు నిండాలి. మా నాన్న సుందరయ్యగారి అభిమాని. పోలింగు రోజు పొద్దున్నే మా అమ్మనీ నన్నూ పిలిచి, ఏ గుర్తు మీద ముద్ర వెయ్యాలో చెప్పాడు. మా అభిప్రాయం ఏమిటని అడగలేదు. మాకు ఒక అభిప్రాయం ఉంటుందని ఆయనకి తోచలేదు. ఆ ఓటు మంచి మనిషికే పడింది. అయినా చెప్పి వేయించిన ఓటు చెప్పి వేయించిన ఓటే. అది నా ఓటు కాదు, మా నాన్నకి ఉన్న మూడు ఓట్లలో ఒకటి.

1978 నుంచి లెక్కపెట్టండి. 1983లో ముసునూరు రత్నబోసు. 1985లో ములుపూరు బాలకృష్ణారావు. 1989లో మళ్ళీ రత్నబోసు. 1994లో గద్దె రామమోహన్. 1999లో దాసరి బాలవర్ధనరావు. 2004లో ముద్దరబోయిన వెంకటేశ్వరరావు. 2009లో మళ్ళీ బాలవర్ధనరావు. 2014లోనూ 2019లోనూ వల్లభనేని వంశీ. 2024లో యార్లగడ్డ వెంకటరావు. సుందరయ్యగారిని కలుపుకుంటే మొత్తం 11 ఎన్నికలు, 8 మంది మనుషులు. అందరూ మగవాళ్ళే.

ఈ 46 ఏళ్ళలో మారనిది లేదు. ఎర్రజెండా వెళ్ళి చెయ్యి గుర్తు వచ్చింది. సైకిలు వచ్చింది. రెండుసార్లు ఏ పార్టీ గుర్తూ లేని ఇండిపెండెంట్లు గెలిచారు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. బ్యాలెట్ పెట్టె పోయి మిషను వచ్చింది. రాష్ట్రం రెండయింది. 2022లో జిల్లా కూడా చీలి విజయవాడ, నూజివీడు మాకు పరాయి జిల్లాలయ్యాయి. ఇన్ని మారినా మారనిది ఒక్కటే – గెలిచినవాడి మీసం.

ఇండిపెండెంట్ల సంగతి కొంచెం ఆగి ఆలోచించాలి. 1994లో, 2004లో మా ఓటర్లు పార్టీలను పక్కనబెట్టి సొంతంగా నిలబడినవాళ్ళని గెలిపించారు. అంటే గన్నవరం ఓటరు పార్టీకి బానిస కాదు, మనిషిని చూసి వేస్తాడని అందరూ గర్వంగా చెప్పుకుంటారు. నిజమే. పార్టీ టిక్కెట్టు ఇవ్వకపోతే అలిగి, బంధుబలగంతో, సొంత డబ్బుతో, నాలుగు వాహనాలతో నిలబడి గెలవగల చోటు ఇది. కానీ అలా అలిగే హక్కు ఎవరికుంది? అలిగిన ఆడమనిషి పుట్టింటికి పోతుంది. అలిగిన మగవాడు నామినేషను వేస్తాడు. ఇంతే తేడా.

జెండాలు మారిన ఇద్దరు

2019లో మా ఊళ్ళో పోటీ వంశీకి, వెంకటరావుకి మధ్య. ఒకరిది తెలుగుదేశం, ఒకరిది వై.ఎస్.ఆర్. కాంగ్రెస్. వంశీ 838 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ ఏడాది చివరికే ఆయన తెలుగుదేశానికి దూరమై అధికార పార్టీ పక్కకు జరిగారు. 2023లో వెంకటరావు తెలుగుదేశంలోకి వెళ్ళారు. 2024లో మళ్ళీ వాళ్ళిద్దరే పోటీ. జెండాలు మాత్రం తారుమారయ్యాయి. ఈసారి వెంకటరావు 37 వేలకు పైగా ఓట్లతో గెలిచారు.

మనుషుల మీద నాకు వ్యక్తిగతంగా ఏ పేచీ లేదు. నా పేచీ ఏమిటంటే – రెండు పెద్ద పార్టీలు, అయిదేళ్ళ వ్యవధి, లక్షల మంది ఓటర్లు ఉన్న నియోజకవర్గం. అందులో వెతికితే ఇద్దరే ఇద్దరు దొరికారా? ఒకరి అభ్యర్థిని ఒకరు మార్చుకున్నారు గానీ, మూడో పేరు, ఒక ఆడమనిషి పేరు, ఏ పార్టీకీ తట్టలేదు. పార్టీ మారినవాడు పనికొస్తాడు. నిన్నటిదాకా తిట్టినవాడు పనికొస్తాడు. పాతికేళ్ళుగా అదే జెండా మోసి, ఊరేగింపుల్లో ముందు నడిచి, పోలింగు రోజు ముసలివాళ్ళని చెయ్యి పట్టి తీసుకొచ్చిన కార్యకర్త పనికిరాదు, ఆమె ఆడది కనుక.

ఆ 838ని ఒకసారి విడదీసి చూద్దాం. అందులో సగం, అంటే 420 మంది అటువాళ్ళు ఇటు వేసి ఉంటే ఫలితమే తిరగబడేది. డ్వాక్రా సంఘానికి పదిమంది చొప్పున చూస్తే 42 సంఘాలు. మా ఒక్క మండలంలోనే అంతకన్నా ఎక్కువ సంఘాలున్నాయి. సంఘం మీటింగులో పొదుపు పుస్తకం మీద సంతకాలు పెట్టే ఆ చేతులు ఎమ్మెల్యేని మార్చగలవు. ఈ లెక్క పార్టీలకు బాగా తెలుసు. తెలియనిది మనకే.

మన పేరు ఎప్పుడు వినబడుతుంది?

మా రాజకీయాల్లో ఆడదాని పేరు అసలు వినబడదని నేను అనను. మూడు సందర్భాల్లో వినబడుతుంది.

మొదటిది, లబ్ధిదారుగా. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం దగ్గర మొదలైంది. తరువాత దీపం గ్యాసు. 2019 ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకు తలా పదివేలు ‘పసుపు-కుంకుమ’. తరువాతి ప్రభుత్వంలో అమ్మఒడి, ఆసరా, చేయూత. 2024 తరువాత మూడు గ్యాసు సిలిండర్లు, తల్లికి వందనం, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. నేను వీటిని తక్కువ చేయను. బియ్యం విలువ అన్నం వండేవాళ్ళకి తెలుస్తుంది. బస్సు ఛార్జీ లేక పుట్టింటికి పోలేని ఆడవాళ్ళని నేను ఎరుగుదును. కానీ ఇచ్చేవాడెప్పుడూ మగవాడు, చెయ్యి చాచేది ఎప్పుడూ ఆడది అయిన ఏర్పాటుని హక్కు అనరు. మన పన్నుల డబ్బుని మనకే ఇస్తూ “అన్నయ్య ఇచ్చాడు” అని ఫ్లెక్సీ కడతారు. ఇవ్వవలసినదేమిటో నిర్ణయించే కుర్చీలో మనం కూర్చోకూడదా?

సారా సంగతే చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాని నిషేధించక తప్పలేదు. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం హామీ మీద ప్రభుత్వమే మారింది. 1995 జనవరిలో నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. తెచ్చేటప్పుడు మన ఓట్లు కావలసి వచ్చాయి. తీసేసేటప్పుడు మన మాట అక్కర్లేకపోయింది. ఎందుకంటే తీసేసిన చోట మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు గనుక?

రెండో సందర్భం, ఫలానావారి భార్యగా, కూతురుగా. విజయవాడలో 1988 డిసెంబరులో వంగవీటి రంగాను చంపేసిన తరువాత 1989లో ఆయన భార్య రత్నకుమారి శాసనసభ్యురాలయ్యారు. నందిగామలో తండ్రి చనిపోయాక 2014 ఉపఎన్నికలో తంగిరాల సౌమ్య గెలిచారు. 2024లోనూ గెలిచారు. ఆ ఇద్దరి సామర్థ్యాన్నీ నేను శంకించడం లేదు. ఇంట్లో మగవాడు చనిపోతే తప్ప ఆడదాని సామర్థ్యం పార్టీలకు కనబడదెందుకని అడుగుతున్నాను. ఆడదానికి టిక్కెట్టు రావాలంటే ముందు ఒక పాడె లేవాలా? ఇంకొకటి గమనించండి. నందిగామ ఎస్.సి. రిజర్వుడు స్థానం. 2014లో ఉప్పులేటి కల్పన గెలిచిన పామర్రూ అంతే. మా గన్నవరం జనరలు స్థానం. జనరలు అంటే అందరిదీ అని అర్థం. మా దగ్గర మాత్రం డబ్బున్న కుటుంబాల మగవాళ్ళది అని అర్థం. 2024లో కొత్త కృష్ణా జిల్లాలోని 7 అసెంబ్లీ స్థానాల్లో గెలిచినవాళ్ళు ఏడుగురూ మగవాళ్ళే.

మూడో సందర్భం, తిట్టుగా. ఇది చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. 2021 నవంబరు 19న శాసనసభలో తన భార్యను కించపరిచారని అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు సభ విడిచి వెళ్ళి, విలేకరుల ముందు కంటతడి పెట్టారు. ఆ కుటుంబ స్త్రీ గురించి మా శాసనసభ్యుడు చేసిన వ్యాఖ్యలు కూడా ఆనాటి గొడవలో భాగం. తరువాత ఆయన టీవీలో క్షమాపణ చెప్పారు. ఆ మాటలేమిటో ఇక్కడ మళ్ళీ రాయను. రాస్తే అవి ఇంకొకసారి అన్నట్టే. ఆ తరువాత మూడేళ్ళు మా ప్రాంతంలో ‘స్త్రీ గౌరవం’ గురించి మగవాళ్ళు మగవాళ్ళని సవాలు చేసుకున్నారు. 2024 ప్రచారంలోనూ అదే మాట. బాగుంది. స్త్రీ గౌరవం మీద అంత పట్టింపు ఉన్న రెండు పార్టీలూ ఆ ఎన్నికలో గన్నవరం నుంచి ఒక స్త్రీని నిలబెట్టి ఆ గౌరవాన్ని చూపించవచ్చుగా? చూపించలేదు. ఎందుకంటే అక్కడ గాయపడింది స్త్రీ గౌరవం కాదు, ఒక మగవాడి ఇంటి గౌరవం. దానికి బదులు ఇంకొక మగవాడు తీర్చుకున్నాడు. మధ్యలో ఆవిడ పేరు రెండు పక్షాలకీ ఆయుధమైంది. ఇది ఏ ఒక్క పార్టీ జాడ్యమో కాదు. ప్రత్యర్థిని దెబ్బకొట్టాలంటే వాడి ఇంటి ఆడవాళ్ళని అనాలన్నది మన రాజకీయాల్లో అందరూ నేర్చుకున్న విద్యే.

పేరు లేని ఓటర్లు

టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఓటర్ల జాబితా సవరణ వచ్చినప్పుడల్లా ఇంటింటికీ తిరిగే డ్యూటీ నాకు పడేది. గుమ్మంలో మగాయన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేవాడు. “మా ఇంట్లో నాలుగు ఓట్లండీ. నాదీ, మా వాడిదీ, మా ఆడోళ్ళయి రెండూ.” “వాళ్ళ పేర్లు చెప్పండి” అంటే లోపలికి చూసి “ఒసేయ్, నీ పేరు కాగితంలో ఏముందే?” అని కేక వేసినవాళ్ళున్నారు. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు, 1951-52లో, సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళని జాబితాల్లోంచి తీసేయవలసి వచ్చింది. అది ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల సంగతి. మన దగ్గర పేర్లు జాబితాలోకి ఎక్కాయి, అక్కడే ఆగిపోయాయి. 2024 నాటికి మన రాష్ట్రంలో ఆడ ఓటర్లు 2 కోట్ల 10 లక్షలు, మగ ఓటర్లు 2 కోట్ల 3 లక్షలు. ఎక్కువమందిమి మనమే. ఎక్కువమంది ఓట్లు వేస్తారు, తక్కువమంది పోటీ చేస్తారు. ఈ ప్రజాస్వామ్యం లెక్క నేను మూడో తరగతి పిల్లలకి చెప్పిన లెక్కలకి లొంగదు.

డబ్బెక్కడినుంచి వస్తుంది?

మా ఊరి పక్క ఊళ్ళో ఒకామె ఉంది. వెనుకబడిన కులం, పది చదివింది, కుట్టు మిషను పెట్టుకుని బతికింది. 2013 పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవి మహిళకు వచ్చింది. మొగుడు పక్క కుర్చీలో కూర్చోబోతే ఆమె మొదటి మీటింగులోనే “మీరు బయట ఉండండి” అంది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. చెరువు నీళ్ళు తాగే వీధికి కుళాయిలు వేయించింది. బడికి ఆడపిల్లల మరుగుదొడ్డి కట్టించింది. స్మశానానికి దారి లేని దళితవాడకి దారి తెప్పించింది. ఆ దారి కోసం ఆమె తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. తరువాతి ఎన్నికలకి రిజర్వేషను మారింది. జనరలు సీట్లో నిలబడతానంటే, “నీ వంతు అయిపోయిందిగా” అన్నారు. కొన్నాళ్ళకి తన పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్ళి, ఈసారి అసెంబ్లీకి నా పేరు కూడా పరిశీలించండి అని అడిగింది. ఆయన కోప్పడలేదు. మర్యాదగా కుర్చీ వేయించి, టీ ఇప్పించి, “ఎంత తెస్తావమ్మా?” అని అడిగాడు.

ఆమె నాతో ఈ సంగతి చెబుతూ ఏడవలేదు. “టీచరుగారూ, పనిచేశావా అని అడుగుతాడనుకుని నేను చేయించిన పనుల జాబితా రాసుకుని వెళ్ళానండీ. ఆ కాగితం సంచిలోంచి తియ్యకుండానే వచ్చేశాను” అంది.

అసెంబ్లీ అభ్యర్థికి డిపాజిట్టు పదివేలు. ఖర్చు 40 లక్షలు దాటకూడదని నిబంధన. అసలు ఖర్చు ఎంతో టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళందరికీ తెలుసు. మా డెల్టాలో ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? భూమిలోంచి వస్తుంది. కాలవ నీళ్ళు పారిన భూమిలోంచి రైసు మిల్లు, మిల్లులోంచి కాంట్రాక్టు, కాంట్రాక్టులోంచి సినిమా, రియల్ ఎస్టేటు, వాటిలోంచి ఎన్నిక. ఆ భూమి ఎవరి పేరున ఉంది?

నా సంగతే చెబుతాను. మా నాన్నకి నాలుగెకరాలు. నాకు ఇద్దరు అన్నదమ్ములు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రంలో ఆడపిల్లకీ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం వచ్చింది. దేశం కన్నా ఇరవై ఏళ్ళు ముందు చేశామని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ చట్టంలోనే అప్పటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వాటా లేదని రాశారు. నా పెళ్ళి 1979లో అయింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసేనాటికి మా నాన్న లేడు, పొలం ఎప్పుడో పంచుకున్నారు, సగం అమ్ముకున్నారు. నాకు ‘పసుపు కుంకుమ’ కింద వచ్చింది అరెకరం. అదీ మా ఆయన పేరున రాయించారు. మా వైపు ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఇచ్చే పొలాన్ని పసుపు కుంకుమ అంటారని మీకు తెలుసు. 2019లో పదివేల పథకానికి అదే పేరు పెట్టినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పుట్టింటివాళ్ళు వాటా ఎగ్గొట్టడానికి పెట్టిన పేరునే ప్రభుత్వం కూడా ఎంచుకుంది.

భూమిలో వాటా ఇవ్వనివాళ్ళే డబ్బు లేదని టిక్కెట్టు ఇవ్వరు. టిక్కెట్టు లేదు గనుక చట్టాలు చేసే చోట మనం ఉండం. మనం ఉండం గనుక పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదు అన్న వాక్యం చట్టంలోకి వస్తుంది. ఈ గానుగెద్దు తిరుగుడు ఎక్కడో ఒకచోట తెగాలి.

చట్టం వస్తుందిగా అంటారు

ఈ మాట అన్నప్పుడల్లా “మీకు 33 శాతం వచ్చేసిందిగా, ఇంకేం కావాలి?” అంటున్నారు. ఏం వచ్చిందో చూద్దాం. మహిళా రిజర్వేషను బిల్లు మొదటిసారి లోకసభలో పెట్టింది 1996 సెప్టెంబరు 12న. ఆ రోజు పుట్టిన పిల్ల 2023లో బిల్లు చట్టమయ్యేనాటికి 27 ఏళ్ళది. మధ్యలో కాగితాలు చించారు, 2010 మార్చి 9న రాజ్యసభలో గెలిపించి లోకసభలో మూలపడేశారు. చివరికి 2023 సెప్టెంబరులో లోకసభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. రాజ్యసభలో ఒక్కరు కూడా వ్యతిరేకం లేరు. ఇంతమంది ఒప్పుకున్న పనిని మర్నాడే అమలు చెయ్యవచ్చు. కానీ ఆ సవరణలో ముందు జనగణన, దాని తరువాత నియోజకవర్గాల పునర్విభజన, ఆ తరువాతే రిజర్వేషను అని రాశారు. కనుక 2024 ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. వెనుకబడిన కులాల స్త్రీలకు అందులో విడిగా వాటా పెట్టలేదు. అంటే నేను చెప్పిన మాజీ సర్పంచికి ఆ చట్టం వచ్చినా తలుపు సగమే తెరుచుకుంటుంది.

రిజర్వేషను మీద నాకు నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. మండలాలు పెట్టినప్పుడు, 1987 ఎన్నికల్లో 9 శాతం. 73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి మూడోవంతు. మన రాష్ట్రంలో 2013 పంచాయతీ ఎన్నికలనాటికి సగం. కృష్ణా జిల్లా పరిషత్తుకి 2014లో గద్దె అనూరాధ, 2021లో ఉప్పాల హారిక ఛైర్‌పర్సన్లయ్యారు. చట్టం తలుపు తీసిన చోట ఆడవాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, పనిచేశారు. కొన్నిచోట్ల భర్తలు పెత్తనం చేశారు, అదీ నిజమే. అయినా కుర్చీ మీద కూర్చున్న ఆడదానికి ఎదురు తిరిగే అవకాశం ఒకటి ఉంటుంది. మా పక్క ఊరి ఆమెలా “మీరు బయట ఉండండి” అనే రోజు ఒకటి వస్తుంది. కుర్చీయే లేనిదానికి ఆ రోజు ఎప్పుడూ రాదు.

నా వాదన ఏమిటంటే, టిక్కెట్టు ఇవ్వడానికి ఏ పార్టీకీ చట్టం అక్కర్లేదు. చట్టం కోసం ఎదురుచూస్తున్నాం అనే పార్టీ, చట్టం వచ్చేదాకా ఇవ్వబోమని చెబుతోంది.

వాళ్ళు చెప్పే సాకులు

ఆడవాళ్ళు గెలవలేరంటారు. పక్కనే విజయవాడ లోకసభ స్థానం నుంచి చెన్నుపాటి విద్య 1980లో ఒకసారి, 1989లో ఒకసారి గెలిచారు. మా గన్నవరంలోనే 1972లో ఒక స్త్రీ గెలిచింది. గెలవలేక కాదు, నిలబెట్టక గెలవలేదు.

ఆడవాళ్ళే ఆడవాళ్ళకి ఓటెయ్యరంటారు. వెయ్యడానికి ప్రధాన పార్టీలు ఎవరినైనా నిలబెడితే కదా తెలిసేది! వడ్డించకుండానే తినలేదని ఆడిపోసుకోవడం ఏం న్యాయం?

అనుభవం లేదంటారు. వారసులుగా దిగే కొడుకులకి ఏ అనుభవం చూసి టిక్కెట్లిస్తున్నారు? పాతికమందితో పొదుపు సంఘం నడిపి, బ్యాంకు అప్పు చివరి కిస్తీ దాకా కట్టించిన ఆడమనిషికి లెక్కలు తెలియవా? పంచాయతీలో అయిదేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషికి అధికారులతో మాట్లాడడం రాదా?

రాజకీయాలు రౌడీతనమైపోయాయి, ఆడవాళ్ళకి రక్షణ ఉండదంటారు. 2023 ఫిబ్రవరిలో గన్నవరంలో ఒక పార్టీ కార్యాలయం మీద దాడి చేసి వాహనాలు తగలబెట్టారు. అది మనకెవరికీ కొత్త వార్త కాదు. అయితే రౌడీతనాన్ని తగ్గించాలా, ఆడవాళ్ళని తగ్గించాలా? బజారు చెడిపోతే బజారుని బాగుచేయాలి గానీ, ఆడపిల్లని ఇంట్లో పెట్టి తాళం వేయడం ఏనాటి న్యాయం?

ఇప్పుడు మనం ఏం చెయ్యాలి?

నేను వయసు మళ్ళినదాన్ని. నాకు టిక్కెట్టు అక్కర్లేదు. కానీ నా మిగిలిన ఓట్లను ఎవరో చెప్పినట్టు వెయ్యదలచుకోలేదు. జంక్షన్ చుట్టుపక్కల సంఘాల్లో మేము కొందరం కూర్చుని మాట్లాడుకుని, కొన్ని విషయాల మీద మాట మీద నిలబడాలనుకున్నాం. మిగతా నియోజకవర్గాల ఆడవాళ్ళూ ఆలోచించండి.

ఓటు అడగడానికి వచ్చిన ప్రతి పార్టీవాళ్ళనీ మొదటి ప్రశ్న ఇదే అడగాలి: ఇక్కడ టిక్కెట్టు కోసం మీరు ఎంతమంది ఆడవాళ్ళ పేర్లు చర్చించారు? వాళ్ళెవరు? వాళ్ళని ఎందుకు వద్దనుకున్నారు? జవాబు చెప్పలేనివాళ్ళ ఊరేగింపులో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడకూడదు.

వేదిక మీద ఏ పార్టీవాడైనా ఎదుటివాడి ఇంటి ఆడవాళ్ళ పేరెత్తితే, మనం ఏ పార్టీవాళ్ళమైనా సరే, లేచి బయటికి వచ్చేయాలి. కుర్చీలు ఖాళీ అయితే మైకుకి బుద్ధి వస్తుంది.

మన సర్పంచులు, వార్డు సభ్యులు చేసిన పనుల జాబితాలు మనమే రాసి పెట్టాలి. సంచిలో ఉండిపోయిన ఆ కాగితం బయటికి రావాలి. అభ్యర్థుల్ని ఎంచే వేళ మన చేతిలో పేర్లు ఉండాలి, డబ్బు లెక్కలు కాదు.

కూతుళ్ళ వాటా కూతుళ్ళ పేరునే రాయించాలి. అల్లుడి పేరున కాదు.

చివరగా, మన చరిత్రని మనమే గుర్తుపెట్టుకోవాలి. 1972లో ఈ నియోజకవర్గం ఒక స్త్రీని శాసనసభకు పంపింది. ఆమె పేరు మీద మా జంక్షన్లో ఒక వీధి అయినా ఉన్నట్టు నాకు తెలియదు. మగవాళ్ళు అప్పజెప్పే ఎక్కంలో ఆమె ఒక ఖాళీ. మొన్నామధ్య సంఘం మీటింగులో మా మనవరాలి వయసు పిల్లకి గోడమీద చార్టు ఒకటి రాయమని ఇచ్చాం. గన్నవరం శాసనసభ్యుల పేర్లు వరసగా రాసింది. 1972 దగ్గర ఆగి, “బామ్మా, ఈవిడ తరువాత ఎవరూ లేరా?” అని అడిగింది.

ఇప్పటిదాకా లేరు అన్నాను. ఆ చార్టులో కింద చాలా చోటు ఉంచి రాయమన్నాను.